మొదటి రక్తం పారబోశారా?

ఆ ఆపరేషన్ థియేటర్‌లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె అనుమానాలక్క. గుండె సర్జన్ వయసులో పెద్దవాడు కాబట్టి ఆయన మాత్రం "అనుమానాలమ్మా" అని పిలుస్తాడు. తేడా అంతే.

ఆమె చేసే ఉద్యోగం పెర్‌ఫ్యూజనిస్టు. ఆ మాట చెప్పగానే చుట్టాలు "అంటే నర్సేనా?" అంటారు. కాదంటే "అయితే డాక్టరా?" అంటారు. అదీ కాదంటే జాలిగా చూసి ఇంకాస్త కూర వడ్డిస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఆమె కూడా విడమరిచి చెప్పడం మానేసి, కూర తినడం నేర్చుకుంది.

నిజానికి చెప్పడం అంత కష్టమేమీ కాదు. గుండెను కోసి బాగుచేయాలంటే గుండె కదలకుండా ఉండాలి. గుండె కదలకపోతే మనిషి ఉండడు. ఈ చిక్కుముడిని విప్పడానికి ఒక యంత్రం ఉంది. ఒంట్లో రక్తమంతా ట్యూబుల్లో ఆ యంత్రంలోకి వచ్చి, ఆక్సిజన్ పట్టించుకుని, మళ్ళీ ఒంట్లోకి పోతుంది. ఆ గంటా రెండు గంటలూ మనిషికి గుండే అదే, ఊపిరితిత్తులూ అదే. దాన్ని నడిపేది ఆమె. సర్జన్ చేతిలో గుండె ఉంటే, ఆమె చేతిలో మిగతా మనిషంతా ఉంటాడు. ఈ సంగతి రోగికి తెలియదు, రోగి ఇంట్లోవాళ్ళకు తెలియదు, డిశ్చార్జి కాగితంలో ఆమె పేరు ఉండదు. దాని గురించి ఆమెకు పెద్ద బెంగా లేదు. ఆమె బెంగలు వేరు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె కీడు ఎంచడం దగ్గరే ఆగిపోయిన మనిషి. ఇంటికి తాళం వేసి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తాళం లాగి చూసి దిగుతుంది. "నీకు భయపడి మనింట్లో గ్యాసు కూడా లీకవదు" అంటాడు ఆమె మొగుడు. థియేటర్‌లో కూడా అంతే. ఈ క్లాంప్ తీశారా, ఆ ట్యూబు ఎటు తిరుగుతోంది, మందు ఇచ్చింది ఎవరు, ఎంత, ఎప్పుడు? అడిగిందే అడుగుతుంది. ఈ పనిలో అలాంటివాళ్ళే బతికి బట్టకడతారు. బతికి బట్టకట్టేది వాళ్ళు కాదనుకోండి, బల్ల మీది మనిషి.

ఆమె అడిగే ప్రశ్నల్లో ఒకటి మరీ పేరుపడింది.

రక్తం యంత్రంలోకి పోవాలంటే ముందు అది గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఇవ్వాలి. ఇవ్వకపోతే రక్తం యంత్రంలో పాలు తోడుకున్నట్టు తోడుకుంటుంది, ఇక మనిషికి యంత్రమూ ఉండదు, గుండే ఉండదు. మందు పనిచేసిందో లేదో చూడడానికి ఒక చిన్న పరీక్ష. కాస్త రక్తం తీసి చిన్న గొట్టంలో పోసి, అది గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టే పెట్టెలో పెడతారు. మామూలు రక్తం రెండు నిమిషాల్లో గడ్డకడుతుంది. మందు పడ్డ రక్తం నాలుగువందల ఎనభై సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలు దాటాలి. ఎనిమిది నిమిషాల జవాబు కావాలంటే ఎనిమిది నిమిషాలూ కూర్చోవలసిందే. ఇందులో దొడ్డిదారి లేదు.

ఆ రక్తం తీసేది మణికట్టు దగ్గర ధమనిలో ఉండే సన్నని ట్యూబు నుంచి. ఆ ట్యూబు మూసుకుపోకుండా అందులో నిలబెట్టే సెలైన్‌లో కూడా కాస్త హెపారిన్ కలుపుతారు. కాబట్టి మొదట వచ్చే రక్తం పారబోసి, తర్వాత వచ్చేది పరీక్షకు పంపాలి. మొదటిదే పంపితే, ఆ ట్యూబులోని మందు కలిసి, ఒంట్లో మందు లేకపోయినా ఉన్నట్టు అబద్ధపు అంకె వస్తుంది. అందుకని సిరంజి చేతికి అందిన ప్రతిసారీ ఆమె అడుగుతుంది: "మొదటి రక్తం పారబోశారా?"

ఒకరోజు టీ గదిలో సర్జన్ ఫ్లాస్కు ఎత్తి కప్పులో పోస్తూ, ఆగి, అచ్చం ఆమె గొంతుతో "మొదటి టీ పారబోశారా?" అన్నాడు. గది గదంతా పడిపడి నవ్వింది. ఆమే అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని. అంతకు వారం ముందే ఒక ఆపరేషన్‌ని, ట్యూబులో గాలిబుడగ చూశానని పది నిమిషాలు ఆపింది. బుడగా లేదు, గిడగా లేదు, లైటు నీడ. ఆ రోజు సర్జన్ ఒంటికాలి మీద లేచాడు. ఆ కోపం కంటే ఈ టీ జోకే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. కోపానికి జవాబు చెప్పొచ్చు. నవ్వుకి ఏం చెబుతాం?

ఆ టీ జోకు అయిన పదో రోజున బల్ల మీద ఉన్నది ఒక దర్జీ. యాభై ఆరేళ్ళవాడు. గుండె కవాటం ఒకటి చెడింది, మార్చాలి. ముందురోజు మధ్యాహ్నం ఆమె వార్డుకు వెళ్ళి అతని ఎత్తూ బరువూ తనే స్వయంగా చూసుకుంది. నిమిషానికి ఎన్ని లీటర్లు నడపాలో వాటిని బట్టే లెక్క. టేపు తీయగానే అతను మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఊళ్ళో అందరికీ కొలతలు తీసేవాణ్ణి నేను. నాకే కొలతలా? కాస్త వదులుగా పెట్టండి మేడమ్, తిన్నాక బిగుతవుతుంది."

అతని భార్య నవ్వలేదు. అతని కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ కూర్చుంది.

"మీరు రేపు లోపల ఉంటారామ్మా?" అని అడిగింది.

"ఉంటాను."

"అయిపోయేదాకానా?"

"అయిపోయేదాకా."

"ఆయనకి కుడి చెయ్యి జాగ్రత్తమ్మా. సూదులవీ అటు గుచ్చొద్దని చెప్పండి. ఆ చేత్తోనే ఇల్లు గడుస్తోంది" అంది ఆవిడ.

ఆమె చెబుతానంది. చెప్పింది కూడా. మణికట్టు ట్యూబు ఎడమ చేతికే పెట్టారు.

పెట్టింది మత్తు డాక్టరు. ఆ వారమే వేరే ఆసుపత్రి నుంచి వచ్చి చేరాడు. మంచివాడే, పనితనం ఉన్నవాడే. అతను పనిచేసి వచ్చినచోట మణికట్టు ట్యూబులో ఉత్త సెలైనే పెట్టేవాళ్ళు. హెపారిన్ కలిపేవాళ్ళు కాదు. కాబట్టి మొదటి రక్తం పారబోసే అలవాటు అతనికి అంతగా లేదు. ఈ సంగతి ఎవరూ అతన్ని అడగలేదు, అతనూ చెప్పలేదు.

తొమ్మిదిన్నరకు సర్జన్ హెపారిన్ ఇవ్వమన్నాడు. "హెపారిన్ ఇచ్చాను" అన్నాడు మత్తు డాక్టరు. "హెపారిన్ ఇచ్చారు, తొమ్మిదీ ముప్ఫై" అని ఆమె తిరిగి చెప్పి, కాగితం మీద రాసుకుంది. రెండు నిమిషాల తర్వాత అతను రక్తం తీసి సిరంజి ఆమె చేతికి ఇచ్చాడు.

ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే సర్జన్ తలెత్తి ఇటు చూశాడు. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు నవ్వుతున్నట్టు అనిపించింది ఆమెకు. నిజంగా నవ్వుతున్నాయో, ఊరికే చూశాడో ఆ దేవుడికే తెలియాలి. ఆమె నోరు మూసుకుని సిరంజి తీసుకుంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

పెట్టె లెక్కపెట్టుకుంటూ పోయింది. తొమ్మిదీ నలభై ఒకటి అయ్యేసరికి అయిదువందల ముప్ఫై దాటింది. "అయిదువందల ముప్ఫై సార్, బాగుంది" అంది ఆమె. సర్జన్ బృహద్ధమనికి చిన్న రంధ్రం పెట్టి లావుపాటి ట్యూబు దించడానికి సిద్ధమయ్యాడు. యంత్రం నుంచి వెళ్ళే రక్తం ఆ ట్యూబులోంచే ఒంట్లోకి పోవాలి.

ఆమె ముందు ఒక తెర ఉంటుంది. పైన లైటులో ఉన్న కెమెరా తెరిచిన ఛాతీని అందులో చూపిస్తుంది. తొమ్మిదీ నలభై రెండుకి ఆ తెర మీద ఒకటి కనిపించింది. కోసిన రొమ్ము ఎముక అంచున ఊరిన రక్తం కిందికి జారకుండా ఆగిపోయింది. కందిగింజంత పూసలా, నల్లగా. సర్జన్ గుడ్డతో అద్దితే గుడ్డకి అంటుకుని ముద్దగా వచ్చింది.

హెపారిన్ పడ్డ రక్తం అలా ఆగదు. నీళ్ళలా పోతుంది.

అంకె మందు ఉందంటోంది. గడ్డ మందు లేదంటోంది. రెంట్లో ఒకటి అబద్ధం. అది మందు ఇవ్వకముందు రక్తమేమో, పాత గడ్డేమో అనుకుంది. కెమెరా దూరంగా ఉంది, లైటు పడి అలా కనిపించిందేమో అనుకుంది. లైటు అనగానే గాలిబుడగ గుర్తుకొచ్చింది. ఇప్పుడు ఆపితే, ఇదీ నీడే అయితే? నెల తిరక్కుండా రెండోసారి. 'అనుమానం పెనుభూతం' అని ఎవరో ఒకరు అంటారు. టీ గదిలో మళ్ళీ ఫ్లాస్కు లేస్తుంది.

ఇంతలో ట్యూబు ధమనిలోకి దిగిపోయింది. దారాలు బిగించారు. ట్యూబును యంత్రపు గొట్టానికి కలిపారు. ఆ ట్యూబు మొనలో దర్జీ రక్తం కదలకుండా నిలబడి ఉంది. తెర మీద, ఎముక అంచున, ఇంకో పూస కట్టింది.

మొదటి రక్తం పారబోశాడా? అడగలేదు. నేను అడగలేదు.

"ఇంకో ట్యూబు కూడా పెట్టేస్తే పంప్ మీదికి వెళ్ళిపోదాం" అన్నాడు సర్జన్. "రెడీయా అనుమానాలమ్మా?"

ఆమె చెయ్యి యంత్రం పంపు మీటపై ఉంది. మీట తిప్పితే పని మొదలవుతుంది.

"రెడీ కాదు సార్" అంది. గొంతు పీలగా వచ్చింది. మళ్ళీ అంది. "రెడీ కాదు. ఆగండి. ఏమీ కదపొద్దు. ఆ అంకె మీద నాకు నమ్మకం లేదు."

"మళ్ళీనా!"

"గాయంలో గడ్డలు కడుతున్నాయి సార్, చూడండి. రక్తం తీసినప్పుడు మొదటిది పారబోశారా అని నేను అడగలేదు. నాదే తప్పు. ఇంకోసారి చూడనివ్వండి."

సర్జన్ ఏదో అనబోయి, వంగి గాయంలోకి చూశాడు. వేలితో ఆ పూసని తాకాడు. అది నలగలేదు, వేలికి అంటుకుంది.

మత్తు డాక్టరు మణికట్టు ట్యూబు వైపు చూశాడు. "పారబోయలేదు" అన్నాడు మెల్లగా. "ఇక్కడ అందులో హెపారిన్ కలుపుతారా?"

ఆమె తనే లేచి వెళ్ళి, మొదటి రక్తం పారబోసి, రెండోది తీసి పెట్టెలో పెట్టింది. సెకన్లు మొదలయ్యాయి. ఈసారి ఎనిమిది నిమిషాలు కూర్చోవాలని ఆమె మనసారా కోరుకుంది. తన అనుమానం తప్పని తేలాలని, సర్జన్ అరవాలని, జీవితాంతం ఆ టీ జోకు వినాలని. అరవై. ఎనభై. వంద.

నూట ఇరవై నాలుగు దగ్గర పెట్టె కూసింది. రక్తం గడ్డకట్టింది.

ఒంట్లో మందు చుక్క లేదు. మత్తు డాక్టరు ఆకుపచ్చ గుడ్డల కిందికి చెయ్యి పోనిచ్చి, తీశాడు. గ్లౌజు తడిగా ఉంది. మందు ఎక్కించిన సెలైన్ ట్యూబు అతుకు ఎడమ మోచేతి దగ్గర ఊడిపోయి ఉంది. చేతులు ఒంటికి చేర్చి గుడ్డ చుట్టేటప్పుడు లాగుడు పడి ఉంటుంది. మందంతా దుప్పటిలోకి కారిపోయింది.

సర్జన్ పెట్టిన ట్యూబును బయటికి లాగి, రంధ్రాన్ని వేలితో మూశాడు. ట్యూబు మొనని తెల్లగుడ్డ మీద తట్టాడు. గడ్డకట్టిన రక్తపు నల్లటి పోగు ఒకటి, గోరంత పొడవుది, జారి పడింది.

"ఇదొక్కటేనా," అన్నాడు ఆయన ఎవరినీ చూడకుండా, "ఇంకోటి ముందే పోయిందా?"

పోతే నేరుగా మెదడులోకి పోతుంది. ఆ దారిలో మొదటి మలుపులు మెదడుకు పోయేవే. పోయిందో లేదో తెలియడానికి ఏ పెట్టే లేదు. మనిషి లేచి చెయ్యీ కాలూ కదిపితేనే తెలియాలి.

మళ్ళీ హెపారిన్. ఈసారి మెడ దగ్గరి ట్యూబులోంచి ఇచ్చారు. మళ్ళీ ఎనిమిది నిమిషాలు. తర్వాత పంప్ నడిచింది, గుండె ఆగింది, పాత కవాటం పోయి కొత్తది వచ్చింది. ఆ గంటన్నరలో ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కళ్ళు మీటర్ల మీద ఉన్నాయి. మనసు మాత్రం గడ్డ చూశాక నోరు మూసుకున్న ఆ నాలుగు నిమిషాల్లోనే తిరిగింది. నలభై రెండుకే నోరు తెరిచి ఉంటే ట్యూబు దిగేది కాదు. ట్యూబు దిగకపోతే పోగు కట్టేది కాదు. అతుకు ఊడటం ఎవరి చేతుల్లోనూ లేదు, పారబోయకపోవడం తెలియనితనం. నాలుగు నిమిషాలు మాత్రం అచ్చంగా తనవి. కాగితం మీద వేళలు రాసే చోట దాచుకోకుండా రాసింది: 9.42, గాయంలో గడ్డ చూశాను. 9.46, చెప్పాను.

అంతా అయ్యాక యంత్రపు ఫిల్టర్‌ని సెలైన్‌తో కడిగి దీపానికి అడ్డంగా పట్టి చూసింది. శుభ్రంగా ఉంది. రెండోసారి కడిగి చూసింది. అప్పుడూ శుభ్రంగానే ఉంది. దానివల్ల ఏం తేలుతుంది? పోగు కట్టింది యంత్రంలో కాదు కదా.

బయట దర్జీ భార్యకు సర్జన్ ఏం చెప్పాడో ఆమె వినలేదు. ఐసీయూ ముందు బెంచీ మీద కళ్ళజోడు పట్టుకుని కూర్చున్న ఆవిడ, ఆమెను చూడగానే లేచింది.

"మధ్యలో ఒక ఇబ్బంది వచ్చిందట కదమ్మా. మెలకువ వస్తే గానీ చెప్పలేమన్నారు. మీరు లోపలే ఉన్నారుగా. ఏమీ కాదు కదా?"

ఆమె ఆవిడ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. తనదీ అంతే.

డ్యూటీ మూడింటికే అయిపోయింది. మొగుడికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. "ఏమైంది?" అన్నాడు. "ఏమైందో తెలియాలి" అంది. అతను ఇంకేమీ అడగలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఎప్పుడు జోకు వెయ్యకూడదో అతనికి తెలుసు.

అయిదింటికి దర్జీకి మత్తు కాస్త వదిలింది. గొంతులో ఇంకా ఊపిరి ట్యూబు ఉంది, మాట్లాడలేడు. ఐసీయూ నర్సు అతని చెవి దగ్గర వంగింది.

"బాబాయ్, కళ్ళు తెరవండి. ఆఁ, అలా. ఎడమ చెయ్యి ఎత్తండి."

ఎడమ చెయ్యి లేచింది.

"ఇప్పుడు కుడి చెయ్యి."

చెయ్యి లేవలేదు.

"కుడి చెయ్యి బాబాయ్. ఇదిగో, నేను ముట్టుకుంటున్నా చూడండి, ఇది."

దుప్పటి మీద ఆ చెయ్యి అరచేయి పైకి పెట్టుకుని అలాగే పడి ఉంది. చూపుడు వేలికి కత్తెర కాయ కాచి ఉంది. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ ఆమె ఇనుప కడ్డీ పట్టుకుంది. నేనే, అనుకుంది. ఈ చెయ్యి పోగొట్టింది నేనే.

"మళ్ళీ నిద్రలోకి జారిపోతున్నారక్కా" అంది నర్సు. "కాసేపాగుదాం."

ఆగారు. నర్సు పక్క మంచానికి వెళ్ళింది, వచ్చింది. తలుపు చప్పుడైంది. సర్జన్ వచ్చి, పక్క మంచం చార్టు తీసి తిరగేశాడు. ఆ చార్టు ఆయన రోగిది కాదు. మధ్యాహ్నం నుంచి అలా రావడం అది నాలుగోసారని నర్సు ఆమె చెవిలో చెప్పింది.

అయిదూ ఇరవైకి దర్జీ మళ్ళీ కళ్ళు తెరిచాడు. ఈసారి చూపు నిలబడింది.

"బాబాయ్, కుడి చెయ్యి ఎత్తండి."

వేళ్ళు కదిలాయి. ముందు చూపుడు వేలు, తర్వాత మిగిలినవి. మణికట్టు లేచింది. మోచెయ్యి లేచింది. తరగతిలో జవాబు తెలిసిన పిల్లాడిలా చెయ్యి నిటారుగా పైకి వెళ్ళింది.

ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. సిగ్గుపడలేదు. నర్సు పరుగున వెళ్ళి అద్దం అవతల ఉన్న అతని భార్యకు సైగ చేసింది.

సర్జన్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"నీ కాగితం చూశాను" అన్నాడు. "నలభై రెండుకి గడ్డ చూశానని రాశావు. నలభై ఆరుకి చెప్పానని రాశావు."

"అవును సార్."

"అడగాల్సినవీ, అడక్కర్లేనివీ అన్నీ అడిగే మనిషివి. ఆ నాలుగు నిమిషాలు ఎందుకు నోరు మూసుకున్నావమ్మా?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగాడు. ఆమె మధ్యాహ్నం నుంచి ఈ ప్రశ్నకు జవాబులు కూర్చుకుంటూనే ఉంది. తెర దూరంగా ఉందని, పాత గడ్డ అనుకున్నానని, రూఢి చేసుకుందామనుకున్నానని. వాటన్నిటినీ పక్కన పెట్టేసింది.

"మీరు నవ్వుతారని, సార్" అంది.

సర్జన్ మాస్కు గడ్డం కిందికి వేలాడుతోంది. దాచుకోవడానికి అడ్డేమీ లేక ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు.

మంచం మీద దర్జీ ఇంకా చెయ్యి ఎత్తే ఉంచాడు. దించమని ఎవరూ చెప్పలేదు. బరువుకు ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది. సర్జన్ వెళ్ళి దాన్ని తన రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా పక్క మీదికి దించాడు. దించాక కూడా చాలాసేపు వదల్లేదు.